లీగలే, కానీ చెల్లదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నెల్లూరులో ముప్పయ్యేళ్లకు పైగా దస్తావేజులు రాసి, చూపు ఆనక ఈమధ్యే మానుకున్నవాణ్ణి. గతవారం మీ జిల్లా ఎడిషన్‌లో ఒకే పేజీలో మూడు వార్తలు చదివాను. అనుమతి తీసుకోకుండా వేసిన వెంచరు గురించి ఒకటి, రాత్రిపూట లారీల్లో తరలిపోతున్న క్వార్ట్జ్ రాయి గురించి ఒకటి, తండ్రి ఆస్తిలో వాటా కోసం కోర్టుకెక్కిన రెండో భార్య కొడుకు గురించి ఒకటి. మూడు శీర్షికల్లోనూ ఒకటే మాట: అక్రమ లేఅవుట్, అక్రమ రవాణా, అక్రమ సంతానం.

మొదటిది, ప్రభుత్వం స్కీము పెట్టినప్పుడు రుసుము కట్టి క్రమబద్ధీకరించుకోగలిగే వ్యవహారం. రెండోది గనుల చట్టం కింద నేరం. రుజువైతే అయిదేళ్ల దాకా జైలు, హెక్టారుకు అయిదు లక్షల దాకా జరిమానా. మూడోదాంట్లో ఆ కుర్రవాడు చేసిన తప్పేమిటో నాకైతే కనిపించలేదు. ఇంగ్లీషు వాళ్లు మొదటిదాన్ని అనథరైజ్డ్ అంటారు, రెండోదాన్ని ఇల్లీగల్ అంటారు, మూడోదాన్ని ఇల్లెజిటిమేట్ అనేవారు (ఆ మాట ఇప్పుడు వాళ్లూ వదిలేస్తున్నారు). మనం మాత్రం మూడింటినీ ఒకే గాట కట్టేస్తున్నాం.

ఇంగ్లీషు మాటలూ తక్కువ చిక్కువేం కాదు. లీగల్ అనే మాటకు రెండర్థాలున్నాయి. చట్టానికి సంబంధించినది అని ఒకటి, చట్టం ఒప్పుకున్నది అని ఒకటి. లీగల్ నోటీసు, లీగల్ అడ్వైజరు మొదటి రకం. ముంబై రోడ్డులో బుచ్చిరెడ్డిపాళెం వైపు వెళ్తుంటే కనపడే '100% లీగల్ ప్లాట్లు' రెండో రకం అనుకుని జనం అడ్వాన్సు ఇచ్చేస్తారు. మేం వాడే పద్నాలుగు అంగుళాల కాగితాన్ని కూడా లీగల్ సైజు అనే అంటారు. దాని మీద ఏం రాసినా లీగలవుతుందా? ఆ బోర్డు వాళ్లకు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, అమ్మేవాడికి అసలు హక్కుందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకటి ఉండి రెండోది లేని ప్లాట్లు నా చేతి మీదుగా చాలానే పోయాయి.

లాఫుల్ అన్న మాట వేరు. పాత లా పుస్తకాల్లో చెప్పే తేడా ఏమిటంటే, లీగల్ పద్ధతిని చూస్తుంది, లాఫుల్ సారాన్ని చూస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒప్పందానికి ఉద్దేశమూ ప్రతిఫలమూ లాఫుల్‌గా ఉండాలంటుంది, లీగల్‌గా అనదు. రొయ్యల చెరువుల్లో దెబ్బతిన్న మనిషి అప్పులవాళ్లకు దొరక్కుండా ఇంటిని బావమరిది పేర దాన సెటిల్‌మెంటు చేస్తాడనుకోండి. స్టాంపులు సరిగ్గానే ఉంటాయి, సాక్షులుంటారు, రిజిస్ట్రారు ముద్ర వేస్తాడు. పద్ధతిలో వంక పెట్టలేం. కానీ అప్పులవాడు కోర్టుకెళ్తే దాన్ని రద్దు చేయించగలడు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం ఈ రెండూ కాదు. పొదలకూరు వైపు నుంచి నిమ్మతోటల రైతు ఒకాయన ఓ రోజు నా బల్ల దగ్గరికొచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో మడతలు పడ్డ వంద రూపాయల స్టాంపు కాగితం, దాని మీద నోటరీ ఎర్ర సీలు. పదకొండేళ్ల కిందట ముప్పై అంకణాల స్థలం కొని డబ్బంతా ఇచ్చేశాడు. అమ్మినాయన పోయాడు. కొడుకులు మాకు తెలియదంటున్నారు.

"సామీ, ఇది లీగలే గదా?" అన్నాడు.

"లీగలే పెద్దాయనా. కానీ చెల్లదు."

"అదేంది సామీ! లీగలైతే చెల్లకపోవడమేంది?"

నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. అలాంటి కాగితం రాసుకోవద్దని ఏ చట్టమూ అనలేదు, రాసుకున్నందుకు పోలీసులు పట్టుకోరు. కానీ వంద రూపాయలూ, ఆపైన విలువ చేసే స్థిరాస్తి చేతులు మారాలంటే రిజిస్ట్రేషన్ కావాల్సిందే. నోటరీ ముద్ర సంతకం ఫలానా వాళ్లదేనని చెప్తుందిగానీ స్థలాన్ని ఎవరి పేరా మార్చదు. ఆ కాగితాన్ని ఆధారంగా పెట్టి రిజిస్టరు చేయించమని దావా వేయొచ్చు, దానికీ మూడేళ్ల గడువుంది. గడువు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే వకీళ్లు వాదించుకుంటారు. చివరికి ఆయన కోర్టుకు పోలేదు. ఊళ్లో పెద్దమనుషుల్లో పెట్టి, కొడుకులకు మరో రెండు లక్షలిచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. దస్తావేజు నేనే రాశాను. రాస్తున్నంతసేపూ ఆ పాత కాగితాన్ని ఆయన మోకాలి మీద పెట్టుకుని నిమురుతూనే ఉన్నాడు.

ఇంగ్లీషులో వ్యాలిడ్, వాయిడ్ అని ఎంత తిప్పలు పడి చెప్పేదాన్ని మన వాళ్లు చెల్లుతుంది, చెల్లదు అని తేల్చేశారు. పెద్దనోట్ల రద్దు నాడు, 2016 నవంబరు 8 రాత్రి, మన వీధుల్లో 'అయిదొందల నోటు చెల్లదంట' అన్నారేగానీ అక్రమ నోటు అని ఎవరూ అనలేదు. 2023 మేలో రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు చెప్పినప్పుడు అది లీగల్ టెండర్‌గానే కొనసాగుతుందని కూడా చెప్పింది. అయినా స్టోన్‌హౌస్‌పేటలో కొందరు కొట్లవాళ్లు తీసుకోలేదు. చట్ట ప్రకారం చెల్లుతుంది, కొట్లో చెల్లదు! మూడేళ్లు దాటిన ప్రామిసరీ నోటును కాలదోషం పట్టిందంటాం. బాకీ అబద్ధం కాదు, కోర్టు వసూలు చేసి పెట్టదు, అంతే. బాకీదారు మళ్లీ ఇస్తానని రాసి సంతకం పెడితే దానికి ప్రాణం వస్తుంది. ఇలాంటి మాటలు చేతిలో ఉంచుకుని వార్తల్లో అన్నింటికీ 'చట్టవిరుద్ధం' ఎందుకు అతికిస్తారో నాకు తెలియదు.

వరికి మద్దతు ధర మీద 'చట్టబద్ధత కల్పించాలి' అన్న మాట రోజూ చదువుతున్నాం. కొవ్వూరు కాదు, మన కోవూరు రైతు ఒకాయన నన్నడిగాడు, ఇప్పుడున్న మద్దతు ధర దొంగదా అని. కాదు, ప్రభుత్వం ప్రకటిస్తుంది, ఆ ధర ఇచ్చి తీరాలని కట్టడి చేసే చట్టం లేదు. 'చట్టం చేయాలి' అంటే ఆయనకు అప్పుడే అర్థమయ్యేది. రైతు అడిగేది సబబు. లెజిటిమేట్ అన్నదానికి చాలా చోట్ల సరైన తెలుగు ఆ సబబే.

ఇక ఆ కుర్రవాడి సంగతి. హిందూ వివాహ చట్టం 16వ సెక్షను ప్రకారం తల్లిదండ్రుల పెళ్లి చెల్లకపోయినా వాళ్లకు పుట్టిన బిడ్డలు సక్రమ సంతానమే. తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకు హక్కుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి రావాల్సిన వాటాలో కూడా ఉందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 1న చెప్పింది. దానికి ముందు నెలలోనే కోర్టుల్లో ఆడవాళ్ల గురించీ, ఇలాంటి పిల్లల గురించీ వాడకూడని మాటలేవో చెబుతూ ఒక చేతిపుస్తకం కూడా విడుదల చేసింది. చెల్లనిది పెళ్లి. మీ శీర్షిక మాత్రం బిడ్డను చెల్లకుండా చేసింది. వాళ్లమ్మ ఆ పేపరు చదివే ఉంటుంది.

శీర్షికలో చోటు చాలదని డెస్కులో అంటారని తెలుసు. లెక్కపెట్టి చూశాను. లేఅవుట్ వార్తలో 'అక్రమ' తీసి 'అనుమతి లేని' అని వేస్తే మూడక్షరాలు పెరుగుతాయి. ఆ మూడో వార్తలో 'అక్రమ సంతానం' తీసి 'కొడుకు' అని వేస్తే మూడక్షరాలు తగ్గుతాయి. చెల్లుకు చెల్లు.

ఇట్లు,
ఒక మాజీ దస్తావేజు లేఖరి,
నెల్లూరు