ట్రాక్ మీద బరువు సంగతేమిటి?

సంపాదకులకు,

హార్స్‌పవర్ ఎక్కువుంటే సెడానైనా స్పోర్ట్స్ కారుతో సమానమేనని మీ వాహనాల పేజీలో రాశారు. ఒప్పుకోలేను. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో 20.832 కిలోమీటర్ల చుట్టుకు 550 హార్స్‌పవర్ సెడాన్ బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్ 7 నిమిషాల 28.76 సెకన్లు తీసుకుంది. 500 హార్స్‌పవరే ఉన్న స్పోర్ట్స్ కారు పోర్షే కేమన్ జీటీ4 ఆర్ఎస్‌కు 7 నిమిషాల 9.3 సెకన్లు చాలాయి. అది సుమారు 350 కిలోలు తేలిక, ఇంజినేమో సీటు వెనకే.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌పై మా బావగారి సెడాన్ నడిపాను. మూడు చుట్లు బాణంలా పోయింది. నాలుగో చుట్టులో ఆ బరువును ఆపీ ఆపీ బ్రేకులు వేడెక్కి, పెడల్ మెత్తబడి ఇంకాస్త లోపలికి దిగింది, ప్యాడ్లు కాలిన వాసన. పక్కకు తెచ్చేశాను. ఇంటిల్లిపాదీ తిరగడానికి నాకు ఆ కారే ఇష్టం. పోలిక రాసేటప్పుడు మాత్రం బరువెంతో, పదో చుట్టుకి బ్రేకులు ఎలా ఉన్నాయో కూడా దయచేసి అచ్చువేయండి.

— ఒక పాఠకుడు, సూళ్లూరుపేట