బీరు ముట్టనివారికీ ఆ భవనంలో ఒక పూట పని ఉంది

సంపాదకులకు నమస్కారములు.

పిల్లలను చూడటానికి ఐర్లాండు వెళ్లే తల్లిదండ్రుల కోసం గత ఆదివారం అనుబంధంలో మీరు ప్రచురించిన యాత్రావ్యాసంలో, డబ్లిన్ నగరంలో గిన్నిస్ బీరు కంపెనీ నడిపే ప్రదర్శనశాల గిన్నిస్ స్టోర్‌హౌస్‌కు దక్కింది నాలుగే వాక్యాలు. బీరు తయారీని కళ్లారా చూసి, పై అంతస్తులో ఒక గ్లాసు తాగి, గంటలో బయటపడవచ్చుననీ, మద్యం ముట్టనివారు ఈ మజిలీని నిశ్చింతగా వదిలేయవచ్చుననీ వాటి సారాంశం. మా అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నందువల్ల ఆ చోటికి రెండుసార్లు వెళ్లినవాడిని, ఈ వయసు వరకూ బీరు రుచి ఎరగనివాడిని కాబట్టి, ఆ సలహాను నమ్మి ప్రయాణం కట్టేవారికి కొంత నష్టం జరుగుతుందనే ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది, సాధారణ టికెట్టు కొన్నవారు అక్కడ బీరు కాయడం చూడరు. సెయింట్ జేమ్సెస్ గేట్ అని పిలిచే ఆ ఆవరణలో నేటికీ బీరు తయారవుతున్న మాట నిజమే గానీ, ఆ పని జరిగేది పక్క భవనాల్లో. సందర్శకులు తిరిగేది 1904లో పూర్తయిన పాత పులియబెట్టే శాల. అందులో 1988లో పని ఆగిపోగా, 2000లో దానిని ప్రదర్శనశాలగా తెరిచారు. మొలకెత్తించిన బార్లీ, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు, ఈస్టు, విక్లో కొండల నీరు కలిసి బీరుగా మారే క్రమాన్ని, చెక్క పీపాలు కట్టే పనివారి నైపుణ్యాన్ని అక్కడ నమూనాలతో, పాత పనిముట్లతో, చిత్రాలతో వివరిస్తారు. దీన్ని ముందే తెలుసుకుని వెళ్లినవారికి ఏ లోటూ ఉండదు. కర్మాగారం చూస్తామని వెళ్లినవారే, మొదటిసారి నాలాగే, పొగ కక్కే బాయిలర్ల కోసం మెట్టుమెట్టుకూ వెతుక్కుంటారు.

నిజానికి చూడవలసిన మొదటి వస్తువు ఆ భవనమే. షికాగో పద్ధతిలో ఉక్కు చట్రం నిలబెట్టి కట్టిన ఆ కట్టడం మధ్యలో, ఏడంతస్తుల ఎత్తున బీరు గ్లాసు ఆకారంలో ఖాళీ జాగా వదిలారు; ఆ గాజు గ్లాసును నింపాలంటే 1.43 కోట్ల పైంట్ల (పైంటు అంటే అర లీటరుకు కాస్త ఎక్కువ) బీరు పడుతుందట. సివిల్ ఇంజినీరుగా రిటైరైన మా వియ్యంకులు తక్కినవన్నీ వదిలేసి మెడ పైకెత్తి దూలాలనూ రివెట్లనూ చూస్తూ ఉండిపోతే, ఆయనను పై అంతస్తుకు తీసుకుపోవడానికి మాకు చాలాసేపు పట్టింది. కింది అంతస్తు నేలలో గాజు పలక కింద 1759 డిసెంబరు 31 నాటి కౌలు పత్రం నకలు ఉంటుంది. ఆర్థర్ గిన్నిస్ అనే ఆసామి ఆ స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 సంవత్సరాలకు కౌలుకు తీసుకున్నాడు. తొంభై తొమ్మిదేళ్ల లీజుకే నోళ్లు నొక్కుకునే మనకు అది చదివితే నవ్వు ఆగదు. కంపెనీ తరువాతి కాలంలో ఆ స్థలాన్ని కొనేసుకోవడంతో 10759వ సంవత్సరంలో ఖాళీ చేయవలసిన అగత్యం లేకుండా పోయింది.

ఇక ప్రయాణం ఏర్పాట్ల సంగతి. ఒకే వీసాతో చాలా ఐరోపా దేశాలు తిరగనిచ్చే షెంగెన్ ఏర్పాటులో ఐర్లాండు లేదు. పారిస్, రోమ్ చూసి అదే వీసాతో డబ్లిన్‌లో దిగుదామనుకునే భారతీయులకు విమానం ఎక్కేచోటే అడ్డు పడుతుంది. ఈ ఒక్క వాక్యం మీ వ్యాసంలో మొదటి పేరాలోనే ఉండవలసింది. స్టోర్‌హౌస్ టికెట్టు మీద ప్రవేశ సమయం ఉంటుంది, ధర కూడా రోజును బట్టి, గంటను బట్టి మారుతుంది కాబట్టి, గేటు దగ్గర కొందామనుకోకుండా ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మేలు. ఆ గంటను ఎంచుకునేటప్పుడు మనవాళ్లకు తట్టని విషయం వెలుతురు. ఏడో అంతస్తులోని గ్రావిటీ బార్ అద్దాల గోడల నుంచి చుట్టూ నగరమంతా, పడమట ఫీనిక్స్ పార్కు, దక్షిణాన కొండలు కనిపిస్తాయి. అయితే డిసెంబరులో డబ్లిన్‌లో సాయంత్రం నాలుగు దాటగానే సూర్యాస్తమయం. జూన్ చివరలో రాత్రి పది దాకా వెలుతురే. సంక్రాంతి సెలవులకు వెళ్లేవారు మూడున్నర గంటల టికెట్టు కొంటే పైకి చేరేసరికి చీకటి తప్ప మరేమీ చూడలేరు. మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండుగ; ఆ దరిదాపుల్లో వెళ్తే మన తిరునాళ్లు గుర్తుకొస్తాయి. లోపల లిఫ్టులు ఉన్నాయి, మోకాళ్ల నొప్పుల వారు భయపడనక్కరలేదు. బయట రాళ్లు పరిచిన వీధుల్లో మాత్రం బూట్లు ఉంటే మంచిది.

మద్యం ముట్టనివారి మాటకు వస్తే, టికెట్టుతో వచ్చే బీరుకు బదులు శీతల పానీయం తీసుకోవచ్చు. పెద్దల వెంట పిల్లలనూ రానిస్తారు, పద్దెనిమిది నిండనివారికి బీరు మాత్రం ఇవ్వరు. శాకాహారులై బీరు తాగేవారు మనలో ఉన్నారు కాబట్టి ఒక మాట: ఈ బీరును తేటపరచడానికి ఒకప్పుడు చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్‌గ్లాస్ అనే పదార్థం వాడేవారు, మానేస్తామని 2015లో ప్రకటించి, తరువాతి కొద్ది సంవత్సరాల్లో మానేశారు.

అయితే నన్ను అక్కడికి నడిపించిన కారణం వేరు. ముప్పై ఏళ్లపాటు డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పాను. ‘స్టూడెంట్ టి-పరీక్ష’ పాఠం వచ్చినప్పుడల్లా, దానిని కనిపెట్టిన ఆ విద్యార్థి ఎవరు సార్ అని ప్రతి ఏడాదీ ఒకరైనా లేచి అడిగేవారు. ఆయన విద్యార్థి కాడు, గిన్నిస్ కంపెనీ ఉద్యోగి. ఆక్స్‌ఫర్డ్‌లో రసాయనశాస్త్రం, గణితం చదివి 1899లో ఇక్కడ కొలువులో చేరిన విలియం సీలీ గాసెట్‌కు ఎదురైన చిక్కు చాలా మామూలుది: బార్లీ, హాప్స్ నాణ్యత తేల్చడానికి చేతిలో ఉన్నవి నాలుగైదు నమూనాలే అయినప్పుడు, వాటి సగటును ఎంతవరకు నమ్మవచ్చు? వందల కొద్దీ కొలతలు ఉంటేనే పనికివచ్చే పద్ధతులు అప్పటికి ఉన్నాయి గానీ, వారి అవసరానికి అవి చాలవు. ఆయన కనుగొన్న జవాబు 1908లో బయోమెట్రికా పత్రికలో అచ్చయింది. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోనందున రచయిత పేరు ‘స్టూడెంట్’ అని ఉండిపోయింది. నేడు మందుల పరీక్షల్లోనూ, పంటల ప్రయోగాల్లోనూ వాడే ఆ పద్ధతి ఈ పీపాల నడుమ పుట్టిందని తెలిసినవాడికి, ఆ ఆవరణ గోడ పక్కన నిలబడడమే ఒక యాత్ర. మా అమ్మాయి తీసిన ఫొటోలో నా చేతిలో ఉన్నది నారింజ రసం.

ఆ రోజు మిగిలిన సగం పూటను పడమటి వైపు అరగంట నడక దూరంలోని కిల్‌మైన్‌హామ్ జైలుకు కేటాయించవచ్చు. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తరువాత పద్నాలుగు మందిని అక్కడ కాల్చి చంపారు. ఆ రోజుల్లో బరంపురం నుంచి వెళ్లిన తెలుగు యువకుడొకరు డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్నారు. ఆ ఏడాదే స్వదేశానికి తిరిగి వచ్చి, కార్మికోద్యమంలో పేరు తెచ్చుకుని, 1969లో రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి ఆయనే. ఆ జైలు టికెట్లు కూడా ముందుగానే అయిపోతుంటాయి కాబట్టి, దాని సమయం ఖాయమయ్యాకే స్టోర్‌హౌస్ గంటను ఎంచుకోవడం మంచిది.

వచ్చే వారం అనుబంధంలో కనీసం వీసా సంగతిని, ‘తయారీని కళ్లారా చూడవచ్చు’ అన్న వాక్యాన్ని సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ