గొంతు నొప్పికి మూడు మాత్రలు, సెగగడ్డకు సెఫిక్సిమ్: రెండూ పొరపాటే

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచి వానలు పట్టాయంటే హైదరాబాద్‌లో ఏ మెడికల్ షాపు దగ్గరైనా ఒకే మాట వినబడుతుంది: "బాబుకు గొంతు నొప్పి, జ్వరం. ఏదైనా మంచి మందివ్వండి." చేతికి వచ్చేది అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు మాత్రల స్ట్రిప్, చిన్న పిల్లలైతే అదే మందు సిరప్. గడ్డ లేచిందన్నవారికి సెఫిక్సిమ్ అనే మరో యాంటీబయాటిక్. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, జబ్బు పోయిందనుకుంటారు. మైక్రోబయాలజీ ల్యాబుల్లో పనిచేసే మేము, ఈ అలవాటు పిల్లల గుండెకు ఎంత చేటు చేస్తుందో, దానికి బదులు ఏం చేయాలో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

రెండు జబ్బులకూ మూలం గుండ్రటి బ్యాక్టీరియాలే. గొంతును పట్టేది స్ట్రెప్టోకాకస్ పయోజెన్స్. మైక్రోస్కోప్ కింద పూసల దండలా కనబడుతుంది. గడ్డను లేపేది స్టెఫిలోకాకస్ ఆరియస్. ఇది గుత్తులుగా ఉంటుంది. బ్యాక్టీరియాలను గుర్తించడానికి వాడే గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేస్తే రెండూ ఊదా రంగే. కానీ మందుల విషయంలో వీటి దారులు పూర్తిగా వేరు. స్ట్రెప్టోకాకస్ పయోజెన్స్ ఈనాటికీ పెనిసిలిన్‌కు లొంగుతుంది. 1940ల నుంచి వాడుతున్నా, రోగుల నుంచి తీసిన ఈ సూక్ష్మజీవుల్లో పెనిసిలిన్‌ను ఎదిరించి నిలిచినది ప్రపంచంలో ఎక్కడా బయటపడలేదు. వైద్యంలో ఇలాంటి అదృష్టం చాలా అరుదు. స్టెఫిలోకాకస్ అలా కాదు. పెనిసిలిన్ వచ్చిన కొన్నేళ్లకే దాన్ని విరిచేసే ఎంజైమ్‌ను తయారు చేసుకుంది. దానికి విరుగుడుగా వచ్చిన మెథిసిలిన్‌నూ తట్టుకునే రకం, అంటే ఎంఆర్‌ఎస్‌ఏ, 1961లోనే బ్రిటన్‌లో బయటపడింది.

ముందు గొంతు సంగతి. పిల్లల్లో గొంతు నొప్పి వచ్చిన పది మందిలో ఇద్దరు ముగ్గురికే స్ట్రెప్టోకాకస్ కారణం. పెద్దల్లో అంతకన్నా తక్కువ. మిగతాదంతా చాలావరకు వైరస్. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోతే వైరస్సే అనుకోవచ్చు. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించి, బరువును బట్టి పారాసెటమాల్ వేసుకుంటే చాలు. అలా కాక, దగ్గు లేకుండా ఉన్నట్టుండి జ్వరం ముంచుకొచ్చి, టాన్సిల్స్ మీద తెల్లటి చీము పేరుకుని, దవడ కింద బిళ్లలు కట్టి నొక్కితే నొప్పిగా ఉంటే స్ట్రెప్టోకాకస్‌ను అనుమానించాలి. ఐదు నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లల్లో మరీ ముఖ్యం. ఈ నాలుగు లక్షణాలూ ఉన్నవారిలోనూ దాదాపు సగం మందికే అది దొరుకుతుంది. అందుకే కళ్లతో చూసి తేల్చలేం, స్వాబ్ (దూది చుట్టిన పుల్లతో గొంతులోంచి నమూనా) తీయాల్సిందే.

స్వాబ్ తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. నాలుకను పుల్లతో అదిమి, రెండు టాన్సిల్స్‌నూ, వాటి వెనకనున్న గొంతు గోడనూ గట్టిగా రుద్దాలి. పిల్లవాడు ఏడుస్తున్నాడని నాలుకకు అద్ది తీసేస్తే ఏమీ పెరగదు. ఒక్క డోసు యాంటీబయాటిక్ పడ్డాక తీసినా అంతే. ల్యాబులో గొర్రె రక్తం కలిపిన అగార్ (సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) మీద వేసి, 35–37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచితే మర్నాటికి సూక్ష్మజీవి చుట్టూ రక్తం కరిగిపోయి తేటగా ఒక వలయం ఏర్పడుతుంది. గడువు దాటిన బ్లడ్ బ్యాంకు రక్తంతో అగార్ తయారుచేసే ల్యాబులు ఇంకా ఉన్నాయి. మనిషి రక్తంలో యాంటీబాడీలు, ఒక్కోసారి రక్తదాత వాడిన మందుల ఆనవాళ్లు ఉంటాయి. పైగా వలయం సరిగా తేలదు. ఆ పద్ధతి మానాలని తోటి ల్యాబులను గట్టిగా కోరుతున్నాం.

స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పి మందు వేసుకోకపోయినా నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. మూడు మాత్రలతో నయమైందన్న నమ్మకం ఇక్కడే పుడుతోంది. పెనిసిలిన్ ఇచ్చేది నొప్పి కోసం మాత్రమే కాదు. గొంతులోంచి సూక్ష్మజీవిని పూర్తిగా తుడిచిపెట్టి, కీళ్లనూ గుండెనూ దెబ్బతీసే రుమాటిక్ జ్వరం రాకుండా చూడడానికి. దానికి పెనిసిలిన్ జాతికే చెందిన అమోక్సిసిలిన్ అయితే రోజుకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున, రోజు మొత్తానికి ఒక గ్రాము మించకుండా, పది రోజులు పడాలి. లేదా బెంజథీన్ పెనిసిలిన్ ఒకే ఒక్క ఇంజెక్షన్: 27 కిలోల లోపు పిల్లలకు 6 లక్షల యూనిట్లు, ఆపైన 12 లక్షలు. అజిత్రోమైసిన్ పెనిసిలిన్ పడనివారికి మాత్రమే, అదీ ఐదు రోజులు. దానికి లొంగని స్ట్రెప్టోకాకస్‌లు చాలా దేశాల్లో కనబడుతున్నాయి కాబట్టి, వాడేముందు కల్చర్ రిపోర్టు, అంటే ల్యాబులో సూక్ష్మజీవిని పెంచి అది ఏ మందుకు లొంగుతుందో చూసిన ఫలితం, చూడడం మేలు. గొంతు నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు సరైన మందు మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. అంటే కల్చర్ కోసం రెండు రోజులు ఆగడం వల్ల పిల్లవాడికి నష్టమేమీ లేదు.

ఆపకపోతే ఏమవుతుంది? గొంతు తగ్గిన రెండు నుంచి నాలుగు వారాలకు, అంతా మరిచిపోయాక, మోకాలు వాస్తుంది. అది తగ్గుతూ చీలమండకు పాకుతుంది. స్ట్రెప్టోకాకస్ మీద తయారైన రోగనిరోధక దాడి గుండె కవాటాల మీదికి మళ్లుతుంది. గొంతు జబ్బు మళ్లీ వచ్చినప్పుడల్లా గుండెలో ఎడమవైపు గదుల మధ్యనుండే మైట్రల్ కవాటం ఇంకాస్త మందమై, చివరికి ఇరుకైపోతుంది. చాలామంది ఆడపిల్లల్లో ఈ సంగతి మొదటిసారి బయటపడేది గర్భం దాల్చి ఆయాసం వచ్చినప్పుడే.

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు ప్రతి 21 రోజులకూ బెంజథీన్ ఇంజెక్షన్ కొనసాగాలి. గుండెకు దెబ్బ తగిలి కవాటం అలాగే చెడి ఉంటే కనీసం పదేళ్లు లేదా నలభయ్యో ఏడు వచ్చేదాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మధ్యలో మానేయడానికి కారణం ఎక్కువగా నొప్పి. మందు చిక్కగా ఉంటుంది, సన్నటి సూదిలో మధ్యలోనే బిగుసుకుపోతుంది. 21 గేజ్ సూది వాడి, బాగా కుదిపి, కండరంలో లోతుగా, రెండు మూడు నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. సూది దించాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి. ఈ మందు రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మందు పడక తీవ్రమైన అలర్జీ వస్తే వాడే అడ్రినలిన్ దగ్గర ఉంచుకుని, ఇంజెక్షన్ తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. ఇంత జాగ్రత్త తీసుకునే నర్సు ఉన్నచోటికి పిల్లలు క్రమం తప్పకుండా వస్తారు.

ఇక గడ్డలు. సెగగడ్డకు సెఫిక్సిమ్ ఇవ్వడం అర్థం లేని పని, ఎందుకంటే ఆ మందు స్టెఫిలోకాకస్ మీద దాదాపు పనిచేయదు. చీము పట్టిన గడ్డకు అసలు వైద్యం కోసి చీము తీయడం. రక్తం అందని చీములోకి ఏ మాత్రా సరిగా చేరదు. గడ్డ ఇంకా గట్టిగా ఉంటే రోజుకు మూడు నాలుగుసార్లు, పది పదిహేను నిమిషాలు వేడి గుడ్డతో కాపడం పెట్టాలి. పిండకూడదు. పై పెదవి మీద, ముక్కు పక్కన లేచినదాన్ని అసలు ముట్టుకోకూడదు. అక్కడి సిరలకు మెదడు అడుగునున్న సిరలతో సంబంధం ఉంది. షుగర్ ఉన్నవారికి మెడ వెనుకా వీపు మీదా పలు కన్నులతో లేచే రాచపుండు, చంటిపిల్లల గడ్డలు, జ్వరంతో పాటు ఎరుపు పాకుతున్న గడ్డలు నేరుగా ఆసుపత్రికి వెళ్లాల్సినవి. గడ్డలు మళ్లీ మళ్లీ లేస్తుంటే ఒకసారి షుగర్ చూపించుకోండి. ముగ్గురిలో ఒకరి ముక్కులో ఈ సూక్ష్మజీవి ఏ బాధా లేకుండా ఉంటుంది, అక్కడి నుంచే ఇంటిల్లిపాదికీ అంటుతుంది. తువ్వాళ్లు, రేజర్లు ఎవరివి వారికే ఉండాలి. డాక్టరు చెబితే మూపిరోసిన్ ఆయింట్‌మెంట్ ముక్కు లోపల రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు రాయాలి.

కోసినప్పుడు చీమును పారబోయకుండా ఒకటి రెండు మిల్లీలీటర్లు సిరంజితో లాగి పంపండి. పైపైన స్వాబ్ తిప్పితే చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ పెరిగి తప్పుదారి పట్టిస్తుంది. మేము సూక్ష్మజీవిని పెంచే ప్లేటు మీద 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ అనే మందున్న డిస్క్ పెట్టి చూస్తాం. స్టెఫిలోకాకస్ ఆరియస్‌లో దాని చుట్టూ ఏమీ పెరగని ఖాళీ 22 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉంటే క్లాక్సాసిలిన్, సెఫాలెక్సిన్ పనిచేస్తాయి, తగ్గితే ఎంఆర్‌ఎస్‌ఏ. క్లిండామైసిన్ రాసే ముందు రిపోర్టులో డి–టెస్ట్ ఫలితం అడగండి. ఎరిత్రోమైసిన్ డిస్క్ వైపున క్లిండామైసిన్ ఖాళీ నొక్కుకుపోయి ఉంటే, ప్లేటు మీద బాగున్నట్టు కనబడిన మందు రోగిలో విఫలం కావచ్చు. ఎంఆర్‌ఎస్‌ఏ కాదని తేలాక కూడా, దానికి వాడే వాంకోమైసిన్ కొనసాగించడం రోగికి మేలు కాదు. అక్కడ క్లాక్సాసిలిన్, సెఫజోలిన్ అంతకంటే బాగా పనిచేస్తాయి.

రిపోర్టు కోసం ఆగకూడని జబ్బులూ ఉన్నాయి. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, గాజు గ్లాసుతో అదిమినా మాయం కాని ఎర్రటి మచ్చలు కనబడితే మెదడు పొరలకు సోకే మెనింగోకాకస్ లేదా న్యుమోకాకస్ బ్యాక్టీరియా కావచ్చు. ఇక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క. కల్చర్‌కు రక్తం తీసి వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. పెద్దవారికి రెండు వేర్వేరు చోట్ల నుంచి, బాటిల్‌కు 8–10 మిల్లీలీటర్లు తీయాలి. ఒకే బాటిల్‌లో చర్మపు సూక్ష్మజీవి పెరిగితే అది కల్తీ అని తెలిసేది అలాగే. వెన్నునీరు తీస్తే ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి ఈ రెండు బ్యాక్టీరియాలూ చచ్చిపోతాయి. న్యుమోకాకస్ నుంచి కాపాడే పీసీవీ టీకాను ప్రభుత్వం ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలల్లో ఉచితంగా వేస్తోంది. ఒక్క డోసూ వదలకండి.

యాంటీబయాటిక్ అసలే అక్కర్లేని స్టెఫిలోకాకస్ జబ్బు కూడా ఒకటుంది. విందు భోజనం చేసిన ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు పట్టుకుంటే, వంటవాడి చేతి పుండు నుంచి అన్నంలోనో కోవాలోనో చేరి పెరిగిన సూక్ష్మజీవి వదిలిన విషం కారణం కావచ్చు. అరగంట మరిగించినా ఆ విషం చావదు. ఓఆర్‌ఎస్ తాగించడమే వైద్యం. వినాయక చవితి, బోనాల అన్నదానాల్లో వేళ్ల మీద పుండున్నవారిని వడ్డనకు దూరంగా ఉంచండి, వండినది గంటల తరబడి గోరువెచ్చగా వదిలేయకండి.

ఆరోగ్య శాఖను మేము కోరేది మూడే. డాక్టరు చీటీ మీదే అమ్మాలని గుర్తుగా ఎర్ర గీత ఉన్న యాంటీబయాటిక్ స్ట్రిప్‌లను ఆ చీటీ లేకుండా అమ్మే షాపులపై తనిఖీలు జరగాలి. బస్తీ దవాఖానాల్లో గొంతు స్వాబ్ తీసి అదే రోజు ల్యాబుకు చేర్చే ఏర్పాటు కావాలి. బెంజథీన్ పెనిసిలిన్ ప్రతి పట్టణ ఆరోగ్య కేంద్రంలో కనీసం మూడు నెలలకు సరిపడా ఉండాలి. ఇరవై ఒకటో రోజున వచ్చిన పిల్లవాడికి స్టాకు లేదు, వచ్చే వారం రమ్మని ఎవరూ చెప్పకూడదు.

ఇట్లు,
మైక్రోబయాలజీ వైద్యులు కొందరు,
హైదరాబాద్