ఉబుంటును తీసివేసే పని సగంలో వదిలేసి, నా మాట వినని మీ సేవా విభాగంపై ఫిర్యాదు

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న ల్యాప్‌టాప్‌లోంచి ఒకదాన్ని తీసివేసే పనిలో లోపం, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

నేను నెల్లూరు జిల్లా విడవలూరులో రొయ్యల మేత, మందుల దుకాణం నడుపుకుంటున్నాను. ల్యాప్‌టాప్ ఆగిపోయినందుకు నాకు కలిగిన బాధ కన్నా, ఆ మాట చెప్పుకుందామంటే మీ సంస్థలో వినే మనిషి ఒక్కరూ దొరకనందుకు కలిగిన బాధ పెద్దది. అందుకే ఈ లేఖ నేరుగా మీకు రాస్తున్నాను.

మా తమ్ముడు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఈ ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసుకున్నాడు. ఇప్పుడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడు కాబట్టి దానితో మాకు పనిలేదు, డిస్కులో అది ఆక్రమించిన చోటు దుకాణం లెక్కలకు కావలసి వచ్చింది. నెల్లూరులోని మీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళి, విండోస్‌నూ అందులోని ట్యాలీ లెక్కలనూ ముట్టుకోకుండా ఉబుంటును మాత్రం తీసివేయమని స్పష్టంగా చెప్పి, అడిగిన రుసుము కట్టి రసీదు తీసుకున్నాను. మీ టెక్నీషియన్ విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఉబుంటు ఉన్న పార్టిషన్‌ను, అంటే డిస్కులో దానికి కేటాయించిన భాగాన్ని, డిలీట్ చేసి, అయిపోయిందని నా చేతికిచ్చారు. ఒక్కసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. ఇంటికొచ్చి ఆన్ చేస్తే నల్లటి తెర మీద గ్రబ్ అనే అక్షరాలు, పక్కన మిణుకుమనే కర్సర్ తప్ప మరేమీ రాలేదు.

కారణమేమిటో మా తమ్ముడు ఫోనులోనే చెప్పాడు. ఏ సిస్టమ్‌లోకి వెళ్ళాలో మొదట అడిగే ఆ గ్రబ్ ప్రోగ్రాం తొలి భాగం, యంత్రం ఆన్ కాగానే చదివే ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్‌లో ఉంటుందట, దానికి కావలసిన మిగతా ఫైళ్ళు ఉబుంటు పార్టిషన్‌లో ఉంటాయట. ఆన్ కాగానే ఏది ముందు తెరవాలో చెప్పే బూట్ వరుసలో మొదటి స్థానం ఇంకా గ్రబ్‌దే కాబట్టి, అది చెరిపేసిన ఫైళ్ళ కోసం వెతికి అక్కడే నిలిచిపోతోంది. విండోస్‌కు ఏమీ కాలేదు. యంత్రంలోని మూల ప్రోగ్రాం అయిన బయోస్ సెట్టింగుల్లో విండోస్ బూట్ మేనేజర్‌ను ముందుకు తెచ్చి, తర్వాత ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మిగిలిన ఉబుంటు ఫోల్డరును, బూట్ జాబితాలోని దాని పేరును తీసివేస్తే సరిపోతుంది. మేమే చేసుకుందామంటే, బయటివాళ్ళు బయోస్ జోలికి వెళితే వారంటీ వర్తించదని మీ సర్వీస్ సెంటర్ వారు రసీదు వెనుక రాసి ముద్ర వేశారు. మీరు చేయరు, మమ్మల్ని చేసుకోనివ్వరు.

మళ్ళీ సర్వీస్ సెంటర్‌కు వెళితే కౌంటరులోని అమ్మాయి ల్యాప్‌టాప్ మూత కూడా తెరవకుండా, ఇది సాఫ్ట్‌వేర్ సమస్య, టోల్‌ఫ్రీకి ఫోను చేయండి అన్నారు. టోల్‌ఫ్రీలో తెలుగు కోసం చెప్పిన అంకె నొక్కితే హిందీలో మాట్లాడే వ్యక్తి వచ్చారు. ఆయనకు నా పేరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ, జరిగిన కథంతా వచ్చిన హిందీలో చెప్పుకున్నాక, వైఫై కనెక్ట్ అయిందా అని అడిగారు. విండోసే తెరుచుకోని యంత్రంలో వైఫై సంగతి ఎలా చెప్పగలను? ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా కొత్త గొంతే, మళ్ళీ అవే ప్రశ్నలు. ముందు మాట్లాడినవారు ఏం రాసుకున్నారో చదివి మాట్లాడినవారు ఒక్కరూ లేరు. ఒకరు ఉబుంటు మేమిచ్చింది కాదు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు. దాన్ని తీసివేస్తామని డబ్బు తీసుకున్నది మీరే కదా అని రసీదు నంబరు చదివితే, లైనులో ఉండమని చెప్పి ఫోను పెట్టేశారు.

ఇంకొక అధికారి మాత్రం కాస్త శ్రద్ధగా విని, బూట్ వరుస మార్చినప్పుడు డిస్కుకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, దాని రికవరీ కీ అడగవచ్చు, ఆ 48 అంకెలూ సిద్ధంగా పెట్టుకోండి, రేపు మా మనిషి ఫోను చేస్తాడు అన్నారు. ఆ మాట మీద నాకు నిజంగానే ధైర్యం వచ్చింది. కీ తెప్పించి కాగితం మీద రాసుకుని, మరునాడు దుకాణంలో బేరం కూడా పక్కన పెట్టి ఫోను కోసం కూర్చున్నాను. ఎవరూ చేయలేదు. సాయంత్రానికి మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని సందేశం వచ్చింది. ఈ లేఖలో నేను రాసిన వాటన్నిటిలోకీ నన్ను ఎక్కువ అవమానించింది ఆ సందేశమే. పరిష్కరించింది ఎవరు? ఎప్పుడు? ఆ మాట నన్ను అడగకుండా ఎవరు రాశారు?

చివరికి సర్వీస్ సెంటర్ వారు ఫ్యాక్టరీ రీసెట్ చేస్తాం, డేటా పోతే మా బాధ్యత కాదని సంతకం పెట్టండి అన్నారు. బావిలో పడ్డ చేద తీయమంటే బావినే పూడ్చేస్తామన్నట్టుంది. నేను సంతకం పెట్టలేదు, పెట్టను. మా ప్రాంతంలో రైతులు మేత అరువు తీసుకుని చెరువు పట్టుబడి అయ్యాక బాకీ తీరుస్తారు. పాత బ్యాకప్ తర్వాత ఎవరికి ఎన్ని బస్తాలు ఇచ్చానో, ఎవరు ఎంత జమ కట్టారో ఆ డిస్కులోనే ఉంది. మందుల అమ్మకాలకు ప్రతి నెలా 20వ తేదీలోగా వేయాల్సిన జీఎస్టీ రిటర్ను లెక్కలు కూడా అందులోనే ఉన్నాయి. నా మాట నమ్మి అరువు తీసుకున్న రైతుతో నేను ఏ అంకె చెప్పాలి?

2011లో దుకాణానికి కొన్న మొదటి కంప్యూటర్ మీదే. తర్వాత ప్రింటరు, తమ్ముడి చదువుకు ఈ ల్యాప్‌టాప్ కూడా మీవే కొన్నాను. ఊళ్ళో ఎవరు అడిగినా మీ పేరే చెప్పాను, నా మాట మీద కొన్నవాళ్ళు ఇప్పుడు నా దుకాణానికి వచ్చి సంగతేమిటని అడుగుతున్నారు.

పని తెలిసిన మనిషిని పంపి, డిస్కులో ఒక్క ఫైలు కూడా చెరపకుండా విండోస్ తెరుచుకునేలా చేయించాలి. మూసివేసిన ఫిర్యాదును తిరిగి తెరిచి, పరిష్కారమైందని ఏ ఆధారంతో రాశారో నాకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. లేఖ అందిన 15 రోజుల్లో ఇది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే చోటే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము కూడా లేదు. దుకాణానికి వాడే యంత్రం కాబట్టి నేను వినియోగదారుణ్ణి కానని మీ న్యాయవాదులు వాదించవచ్చు. స్వయం ఉపాధితో బతుకు వెళ్ళదీయడానికే వాడుకునేవారిని ఆ చట్టం వినియోగదారులుగానే గుర్తిస్తుంది. రసీదు, ముద్ర వేసిన కాగితం, మీ సందేశం మూడింటి నకళ్ళూ ఈ లేఖకు జతచేశాను.

ఈసారి ఫోను చేసేవారు దయచేసి ఈ లేఖ మొత్తం చదివిన తర్వాతే చేయాలి. సీరియల్ నంబరు రసీదు నకలు పైభాగంలోనే ఉంది, దాన్ని నేను మళ్ళీ చదివి వినిపించను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విడవలూరు, నెల్లూరు జిల్లా