లుంగీ కట్టినవాడి వెనక ఎవరున్నారు?

సోమాలియా అధ్యక్షులు హసన్ షేక్ మొహముద్ గారికి,

నమస్కారం. తెలుగులో రాసిన ఉత్తరం మొగదిషు దాకా ఎక్కడ చేరుతుందని మా ఇంట్లోవాళ్లే నవ్వారు. అయినా రాస్తున్నాను.

మొదట నన్ను పట్టుకున్నది ఒక బట్ట. మీ పల్లెల్లో మగవాళ్లు కట్టుకునే లుంగీని మీరు మఅవీస్ అంటారట. మీ సర్కారుతో పోరాడే ఇస్లామిస్టు సాయుధ ముఠా అల్ షబాబ్ మీద తిరగబడ్డ జనానికి దాని మీదే మఅవీస్లీ అని పేరు పడింది. అంటే లుంగీలవాళ్లు. గళ్ల లుంగీ, భుజాన పాత తుపాకీ, ఎర్ర గడ్డంతో ఒక ముసలాయన ఫొటో చూశాను. ఆ తుపాకీ తీసేస్తే అచ్చం మా తాత పొలం గట్టు మీద నిలబడ్డట్టే ఉంది.

2022లో మీ దేశం మధ్యలోని హిరాన్ ప్రాంతంలో హవాద్లే తెగ వాళ్లు ఎందుకు లేచారో మీకు నేను చెప్పక్కర్లేదు. మావాళ్ల కోసం చెబుతున్నాను. వరసగా వానలు ఎగ్గొట్టి, 40 ఏళ్లలో ఎరగని కరువు. ఒంటెలు, మేకలు కళ్ల ముందే రాలిపోతున్నాయి. అప్పుడు కూడా అల్ షబాబ్ వాళ్లు జకాత్ (ముస్లింలు ఇచ్చే మత దానం) పేరుతో పశువుల్ని తోలుకుపోయారు, పిల్లల్ని దళంలోకి పంపమన్నారు. కాదన్న ఊళ్లలో ఇళ్లు తగలబెట్టారు, బావులు పేల్చేశారు. కరువులో బావి పేల్చడమంటే ఏమిటో రాయలసీమవాళ్లకు వివరించనవసరం లేదు. సెప్టెంబర్ మొదట్లో బెలెద్వెయిన్, మహాస్ మధ్య దారిలో తిండి సరుకుల లారీలు తగలబెట్టి, కనీసం 18 మందిని చంపేశారు. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ముస్లింలే. టీవీ చూసి దీన్ని మతాల గొడవ అనుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ మే నెలలోనే మీరు రెండోసారి అధ్యక్షులయ్యారు. ఆగస్టులో మొగదిషులోని హయాత్ హోటల్ మీద అల్ షబాబ్ చేసిన ముట్టడి ముగిశాక ఇక పూర్తి స్థాయి యుద్ధమే అన్నారు. లుంగీలవాళ్లు ముందు నడిచారు, సైన్యం తోడైంది. అల్ షబాబ్ గుప్పిట్లో ఉన్న ఊళ్లలో డిసెంబర్‌లో అదన్ యబాల్, జనవరిలో హరర్ధేరే చేతికొచ్చాయి. అంత వేగంగా అంత నేల తిరిగి రావడం నిజంగా పెద్ద విషయం. ఆ పేరు మీకు దక్కాల్సిందే.

ఆ తర్వాతిదే నాకు మింగుడుపడదు. 2023 ఆగస్టులో ఓస్‌వెయిన్ సైనిక శిబిరం మీద అల్ షబాబ్ దాడి జరగ్గానే మీ సైన్యం దళాలు కొన్ని ఊళ్లను ఉన్నపళంగా ఖాళీ చేశాయి. సైనికుడు బండెక్కి వెళ్లిపోగలడు. లుంగీ కట్టినవాడి వెనక ఉన్నది అతని ఇల్లే, ఎక్కడికి పోతాడు? ఎవరెవరు సైన్యానికి దారి చూపారో ఊళ్లో అందరికీ తెలుసు. 2025 ఏప్రిల్‌లో అదన్ యబాల్ మళ్లీ అల్ షబాబ్ చేతికి పోయింది. జులైలో హిరాన్‌లోని మొకొకొరి ఊరూ పోయింది. ఇక ఈ తిరుగుబాటుకు ముందు నిలబడ్డ హిరాన్ గవర్నర్ అలీ జేతేను 2023 జూన్‌లోనే తీసేశారు. ఆ ఉత్తర్వు హిరాన్ ఉన్న హిర్‌షబెల్ రాష్ట్ర అధ్యక్షుడిది, మీది కాదు, నిజమే. కానీ మీరు సర్దిచెప్పి ఉండాల్సింది.

మాది భద్రాచలం వైపు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం పేరుతో ఆదివాసీల్ని నిలబెట్టి, కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చారు. 2011లో సుప్రీంకోర్టు అది చెల్లదనేసరికే వేలమంది ఊళ్లు విడిచి మా అడవుల్లోకి వచ్చిపడ్డారు. వాళ్ల గుడిసెలు ఇప్పటికీ ఇక్కడే ఉన్నాయి. మీ లుంగీల దండు తనంతట తాను లేచింది, ఆ తేడా నాకు తెలుసు. అయినా తుపాకీ ఉన్న తెగకూ లేని తెగకూ మధ్య రేపు గడ్డి బీడు దగ్గరో నీళ్ల దగ్గరో తగాదా వస్తే ఎలా అని టెన్షన్ మాత్రం పోదు.

కాబట్టి నా మనవి ఇది. తెగ పెద్దల్ని పిలిచి మళ్లీ మనుషుల్ని ఇవ్వమని అడిగే ముందు, పోయిన మనుషుల పేర్లు రాయించండి, వాళ్ల ఇళ్లకు నెలనెలా ఏదో ఒకటి అందేలా చూడండి. విడిపించిన ఊళ్లో ఎన్నాళ్లు ఉండగలరో సైన్యం ముందే చెప్పాలి. ఉండలేకపోతే వెళ్లకపోవడమే నయం. పేల్చేసిన బావుల సంగతి మాత్రం మీటింగుల దాకా ఆగక్కర్లేదు. డ్రిల్లింగ్ బండి ఒకటి పంపిస్తే చాలు, పక్కన కాపలాకు వాళ్లే నిలబడతారు.

ఇట్లు,
భద్రాచలం నుంచి ఒక రిటైర్డ్ టీచరు