లెక్క తప్పిందని చెబితే లెక్కచేయని మీ సపోర్ట్ విభాగం గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ ఆన్‌లైన్ గేమ్ టేబుల్‌లో బార్బేరియన్ అనే యోధుడి పాత్రకి తగిలే డ్యామేజ్ లెక్క తప్పు, చదవకుండానే మూసేసిన నాలుగు టికెట్లు

నమస్కారం.

ఇది నేను రాస్తున్న ఐదో ఉత్తరం. ముందు నాలుగింటిలోనూ ఇదే లెక్క ఉంది. మీ సంస్థలో ఒక్కరైనా దాన్ని కాగితం మీద వేసి చూసి ఉంటే ఈ ఐదోది రాయాల్సిన పని ఉండేది కాదు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దొర్లుతాయి, దానికి నాకు కోపం లేదు. పదకొండు వారాలుగా ఒక్క మనిషీ ఆ నాలుగు లైన్లు చదవలేదు. నా కోపమంతా దానికే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో పాత్రలు నడిపే ఆట) ఐదో ఎడిషన్‌లో 5వ లెవెల్ గోలియత్ (భారీకాయుల జాతి) బార్బేరియన్‌ని తీసుకోండి. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) 16, అంటే లెక్కల్లో 3 కలుస్తుంది. హిట్ పాయింట్లు (ప్రాణబలం) 55. రేజ్‌లో (ఆవేశంలో) ఉన్నవాడికి ఆయుధాల దెబ్బ సగమే తగులుతుంది, దాన్నే రెసిస్టెన్స్ అంటారు. అలా ఉండగా 24 పాయింట్ల గొడ్డలి దెబ్బ తగిలింది. దెబ్బని తగ్గించే గోలియత్ శక్తి స్టోన్స్ ఎండ్యూరెన్స్ వాడితే డీ12 (పన్నెండు ముఖాల పాచిక) మీద 7 పడింది, కాన్‌స్టిట్యూషన్ 3 కలిపితే 10 తగ్గాలి. నియమం ఏమిటంటే తగ్గింపులన్నీ ముందు, రెసిస్టెన్స్ వల్ల వచ్చే సగం చివర. 24లోంచి 10 తీస్తే 14, అందులో సగం 7. మీ సాఫ్ట్‌వేర్ ముందే సగం చేసి, మిగిలిన 12లోంచి 10 తీసేస్తోంది. ఏడు తగలాల్సిన చోట రెండే తగులుతోంది.

మొదటి టికెట్‌కి వచ్చిన జవాబు: బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి స్క్రీన్‌షాట్ పంపండి. చేశాను, పంపాను. మూడు రోజుల తర్వాత, స్పందన రాలేదు కాబట్టి టికెట్ మూసేశామని మెయిల్. రెండో టికెట్ తీసుకున్న ఏజెంట్‌కి మొదటిది కనిపించలేదట, మళ్ళీ క్యాష్ దగ్గర మొదలుపెట్టారు. ఆ తర్వాత పాచికల ఫలితాలు యాదృచ్ఛికమనీ వాటిని ఎవరూ మార్చలేరనీ రెండు పేరాలు రాశారు. పాచికల మీద నేను ఫిర్యాదే చేయలేదు. పడిన అంకె సరిగ్గానే ఉంది, దాంతో చేసిన తీసివేత వరస తప్పు. ఆ మాటే తిరిగి రాస్తే, మీ అభిప్రాయాన్ని సంబంధిత బృందానికి పంపామన్న రెడీమేడ్ వాక్యం ఒకటి వచ్చింది.

నాలుగోసారి చాట్‌లో అడిగాను. నలభై నిమిషాలు కూర్చోబెట్టి బిల్లింగ్ వాళ్ళకి బదిలీ చేశారు. వాళ్ళు ఇన్వాయిస్ నంబర్ అడిగి, ఇది టెక్నికల్ సమస్య అని వెనక్కి పంపారు. మర్నాటికి నా టికెట్‌ని స్పెల్ ఐకాన్ రంగు గురించిన మరెవరిదో టికెట్‌తో కలిపేసి, పరిష్కరించామని మార్క్ చేశారు. దాని వెంటే, మా సేవ ఎలా ఉందో చెప్పమని సర్వే.

మూడో ఏజెంట్‌ని కావాలనే చివరికి ఉంచాను. డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) శత్రువుల డ్యామేజ్ పెంచుకుంటే సరిపోతుందని ఆయన సలహా. పై లెక్కలో బార్బేరియన్‌కి న్యాయంగా తగలాల్సిన 7 మీ సాఫ్ట్‌వేర్‌లో తగలాలంటే దెబ్బ 34 ఉండాలి. అదే గొడ్డలి పక్కనున్న 5వ లెవెల్ విజర్డ్ (మాంత్రికుడు) మీద పడితే? కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న ఆ విజర్డ్‌కి ఉన్న హిట్ పాయింట్లే 32. అసలు 24తో ఇంకా 8 మిగిలి ఆట సాగేది, 34తో ఒక్క దెబ్బకే పడిపోతాడు. దెబ్బలు తట్టుకునే ఒక్క క్లాస్ (పాత్ర రకం) లెక్క తప్పితే ఆ భారం టేబుల్ చుట్టూ ఉన్న అందరి మీదా పడుతుంది. బ్యాలెన్స్ అంటే ఇదే. సపోర్ట్‌లో కూర్చున్నవాళ్ళకి ఇది తెలిసి తీరాలి.

మరో రెండు తప్పులు ఉన్నాయి. ఒకే రకం డ్యామేజ్‌కి రెండు చోట్ల నుంచి రెసిస్టెన్స్ వచ్చినా ఒకటిగానే లెక్కించాలన్నది నియమం. బేర్ టోటెమ్ (నిప్పుతో సహా దాదాపు అన్ని రకాల దెబ్బలకీ రెసిస్టెన్స్ ఇచ్చే ఎలుగుబంటి శక్తి) రేజ్‌లో ఉన్నవాడు ఫైర్ రెసిస్టెన్స్ పోషన్ (నిప్పుని తట్టుకునే మందు) తాగి, ఫైర్‌బాల్ (నిప్పుల మంత్రం)కి సేవ్ (తప్పించుకునే పాచిక) తప్పితే, సగటు 28లో 14 తగలాలి. మీ దగ్గర 7 తగులుతోంది.

ఇంకొకటి, ఆట 2014, 2024 నియమపుస్తకాలను కలిపేశారు. 2014లో బేర్ టోటెమ్‌కి సైకిక్ (మనసుని దెబ్బతీసే) డ్యామేజ్ తప్ప అన్నిటికీ రెసిస్టెన్స్ ఉంది. కానీ రేజ్ ఒక్క నిమిషమే. శత్రువు మీద దాడి చేయకుండా, దెబ్బ తినకుండా టర్న్ ముగిస్తే అది కూడా పోతుంది. 2024లో రేజ్‌ని బోనస్ యాక్షన్ (టర్న్‌లో దొరికే అదనపు చిన్న పని)తో పది నిమిషాల దాకా పొడిగించుకోవచ్చు, షార్ట్ రెస్ట్ (చిన్న విరామం)కి ఒక రేజ్ తిరిగొస్తుంది. అందుకు బదులుగా బేర్‌కి ఫోర్స్, నెక్రోటిక్, రేడియంట్ అనే మరో మూడు రకాల డ్యామేజ్‌కి రెసిస్టెన్స్‌లు కూడా తీసేశారు. మీరు పాత బేర్‌నీ కొత్త రేజ్‌నీ ఒకే షీట్‌లో పెట్టారు. రెండు పుస్తకాల్లోని వరాలూ ఉన్నాయి, ఏ పుస్తకంలోని పగ్గమూ లేదు.

నాలుగేళ్ళుగా ఏటా గడువుకి ముందే చందా కడుతున్నాను. పాత తప్పులు పట్టి పంపినప్పుడు మీ పాత సపోర్ట్ బృందం పేరుతో జవాబు రాసేది, రెండు వారాల్లో సరిచేసేది. ఆ మర్యాద గుర్తుంది కాబట్టే ఇన్నాళ్ళూ ఓపిక పట్టాను.

తీసివేత వరస సరిచేయండి, రెసిస్టెన్స్‌ని ఒక్కసారే లెక్కించండి, 2014కీ 2024కీ వేర్వేరు షీట్లు ఇవ్వండి. అవి వచ్చేదాకా ఈ ఏడాది చందా వెనక్కి ఇవ్వండి. వినియోగదారుల ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేస్తాను, ఈ-జాగృతి (వినియోగదారుల కేసుల పోర్టల్)లో జిల్లా కమిషన్‌కి కేసు వేస్తాను. నాలుగు టికెట్లూ చాట్ మొత్తం జతచేసి మరీ వేస్తాను.

ఈసారి ఉత్తరం ఎవరి చేతికి వచ్చినా ముందు ఒక్క పని చేయండి. పైన చెప్పిన బార్బేరియన్‌ని తెరిచి, రేజ్ ఆన్ చేసి, 24 స్లాషింగ్ (గొడ్డలి కోత) డ్యామేజ్ ఇచ్చి, స్టోన్స్ ఎండ్యూరెన్స్‌లో 10 వేయండి. హిట్ పాయింట్లు 48 చూపిస్తే టికెట్ మూసేయండి. 53 చూపిస్తే మూయకండి.

ఇట్లు,
మీ చందాదారు