నీళ్లు పంచేముందు కరువు ఏడాది లెక్క చూపండి

సంపాదకుడు గారికి,

కొత్త ఎత్తిపోతలకో, పారిశ్రామికవాడకో ఇన్ని టీఎంసీలు కేటాయించారన్న వార్తలు తరచూ చదువుతుంటాం. పాత వాటాలు పోగా ఆ నీళ్లు నిజంగా మిగిలున్నాయా, ఉంటే ఏ ఏడాది లెక్క ప్రకారం అన్న సంగతి మాత్రం వాటిలో అరుదుగా ఉంటుంది. అధికారులు చెప్పరు, విలేకరులూ అడగరు.

చెప్పినా సగటు చెబుతారు. చిక్కంతా ఆ సగటుతోనే. పెద్ద వరదలొచ్చిన రెండు మూడేళ్లు సగటును పైకి లాగేస్తాయి కాబట్టి చాలా నదుల్లో అంతకన్నా తక్కువ పారిన ఏళ్లే ఎక్కువ. ఆ అంకె పట్టుకుని చివరి చుక్కదాకా పంచేస్తే రెండేళ్లకోసారైనా ఎవరో ఒకరి పొలం ఎండక తప్పదు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రైబ్యునల్ సగటు జోలికి పోలేదు. 78 ఏళ్ల ప్రవాహాలు ముందుపెట్టుకుని, 75 శాతం విశ్వసనీయతతో దొరికేది 2,060 టీఎంసీలని తేల్చింది. అంటే వందలో 75 ఏళ్లు అంతకు తగ్గదని. మిగిలిన పాతికేళ్లు తగ్గుతుందని ఒప్పుకోవడం కూడా అందులోనే ఉంది. సాగుకైతే ఆ మాత్రం తెగించవచ్చు, తాగునీటికి కుదరదు.

అమెరికాలో కొలరాడో నదికి ఈ జాగ్రత్త లేకపోయింది. 1922 ఒప్పందంలో ఎగువ, దిగువ రాష్ట్రాలకు చెరి 75 లక్షల ఎకరా అడుగులు రాసిచ్చారు (ఎకరా అడుగంటే ఎకరం నేలపై అడుగెత్తున నిలిచే నీరు). 1944లో మెక్సికోకు మరో 15 లక్షలు. ఒప్పందానికి ముందు కొన్నేళ్లు వానలు దండిగా పడ్డాయి, నది తీరే అంత అనుకున్నారు. 2000 తర్వాత చూస్తే, కాగితం మీద ఉన్న కోటీ 65 లక్షలకు గాను సగటున కోటీ 30 లక్షలు కూడా రావడం లేదు. ఒకసారి రాసిచ్చిన హక్కును వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో అక్కడి పేచీలు చూస్తే తెలుస్తుంది.

భూగర్భజలాల దగ్గర లెక్క మరింత జారుతుంది. వానలు వెళ్లిపోయాక వాగులో పారే సన్నటి ధార నేలలోంచి ఊరేదే. శాఖలు విడివిడిగా లెక్కగడితే అదే నీరు ఒక ఫైల్లో నది నీరు, ఇంకో ఫైల్లో బోరు నీరు అవుతుంది. నీటిమట్టం మీటరు పెరిగిందన్న ప్రకటనలూ అంతే. చదరపు కిలోమీటరు, అంటే వంద హెక్టార్ల మేర మట్టం మీటరు పెరిగితే పది లక్షల ఘనపు మీటర్లు వచ్చినట్టు కాదు. గ్రానైట్ లాంటి రాతినేలలో పగుళ్లలో నిలిచి, తోడితే చేతికందేది అందులో సుమారు 1 నుంచి 3 శాతమే. 2 శాతం వేసుకుంటే 20 వేల ఘనపు మీటర్లు. హెక్టారు వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే 12 వేలు పోతాయి. వంద హెక్టార్ల నేల కింద చేరిన నీరు రెండు హెక్టార్ల వరికి చాలదన్నమాట!

పొదుపు పేరుతోనూ ఇలాంటిదే జరుగుతుంది. బిందు సేద్యంతో మిగిలిందంటున్న నీటిలో కొంత ఇదివరకు నేలలోకి ఇంకి పక్క బావికి చేరేది. ఆ మిగులుతో ఆయకట్టు పెంచితే ఆవిరయ్యేది పెరిగి, పక్క బావి ఎండుతుంది. అందుకే ఎంత తోడారన్నదాని కంటే ఎంత తిరిగిరాకుండా పోయిందన్నది ముఖ్యం. నగరానికిచ్చిన నీటిలో ఎక్కువ భాగం మురుగుగానైనా తిరిగొస్తుంది, శుద్ధి చేస్తే మళ్లీ వాడుకోవచ్చు. పంట ఆవిరి చేసింది ఆ నదికి తిరిగిరాదు. ఇక నది నీరు ‘సముద్రం పాలు’ అవుతోందని వాపోయేవారు, అది ఆగిపోతే డెల్టా బావుల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుందని కూడా చెప్పాలి.

ఏ పథకానికైనా అనుమతి ఇచ్చేముందు ఆ నదీ పరీవాహక ప్రాంతానికి ఒకే నీటి పద్దు బయటపెట్టాలి. నది నీరూ, బోరు నీరూ అందులో కలిసి ఉండాలి, వేసవి నెలలు విడిగా కనబడాలి. నదికి వదలాల్సింది తీసేశాకే వాటాలు వేయాలి. వానల్లేని ఏడాది ఎవరికి, ఏ వరుసలో, ఎంత కోత పడుతుందో అందులోనే రాయాలి. ఆ కాలమ్ ఖాళీగా ఉన్న ఫైలుపై సంతకం పెట్టకూడదు.

– ఒక పాఠకుడు